మూడో నీళ్ళు

“రెండూ ఒప్పేసుకో. అప్పుడే నేను శిక్ష తగ్గించమని అడగ్గలను” అన్నాడు లాయరు పట్టాభిరామన్, బోను కమ్మీ మీదికి వంగి, పెదవులు కదపకుండా.

కమ్మీని పట్టుకున్న వెట్రివేల్ చేతుల నిండా ఎండి రాలుతున్న పొక్కులు. మొహం మీద ఇంకా ఎక్కువ. జైలు నుంచి తీసుకొచ్చిన కానిస్టేబుల్ కూడా రెక్క పట్టుకోవడానికి జంకి, చొక్కా అంచు పట్టుకుని నడిపించుకొచ్చాడు.

పైన మేజిస్ట్రేటమ్మ ఫైలు తిరగేస్తోంది. పాండిచ్చేరి కోర్టుల్లో ఆమెకు నెమ్మదస్తురాలని పేరు. నెమ్మదిగా వింటుంది, నెమ్మదిగానే జైలుకు పంపుతుంది. ఆమె తలెత్తి అరవంలో రెండు ప్రశ్నలు వేసింది. ప్రొబేషన్ ఆఫీసరు ముందు హాజరు కావాల్సిన రోజున ఎందుకు కాలేదు? కాలు పెట్టకూడదని కోర్టు కట్టడి చేసిన బాహూరుకు ఎందుకు వెళ్ళావు?

మొదటిది నిజం. రెండోది అబద్ధం. చిక్కంతా ఎక్కడుందంటే, ఆ నిజానికున్న కారణానికి రుజువు లేదు, ఆ అబద్ధానికి మాత్రం కెమెరా బొమ్మ ఉంది. బాహూరు దారిలోని పెట్రోలు బంకు కెమెరాలో తెల్లవారుజామున వెట్రివేల్ లోడు ఆటో కనబడింది. లోపల కాకీ చొక్కా, మొహానికి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు. అదే తెల్లవారుజామున చెరువు కింది పొలాల్లో మోటార్లు విప్పి రాగి తీగ ఎత్తుకుపోయారు.

హాజరు కానందుకైతే చీవాట్లు పెట్టి, చిన్న జరిమానాతో వదిలేస్తారు. బాహూరుకు వెళ్ళాడని తేలితే మాత్రం మంచి నడవడికకు రాసిచ్చిన బాండు రద్దవుతుంది. పాత నేరానికి ఆపి ఉంచిన శిక్ష మెడకు చుట్టుకుంటుంది. కొత్త దొంగతనం కేసు దాని వెనకాలే తోక ఊపుకుంటూ వస్తుంది.

ఆ బండి నడిపింది ఎవరో వెట్రివేల్‌కు తెలుసు. ఆ మనిషి ముందు బెంచీలోనే కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నుదుట విభూతి, ఒళ్ళో మడిచిన గొడుగు. వెట్రివేల్‌కు జామీను నిలబడ్డ మనిషి. అతన్ని పెంచిన మేనత్త మొగుడు. మామ.

ఆ పేరు వెట్రివేల్ నోట రాకూడదు. ఒట్టు ఉంది.

*

తల్లి పోయి, తండ్రి ఊళ్ళు పట్టిపోయాక వెట్రివేల్‌ను ఒర్లియంపేటలోని ఆ ఇరుకింటికి తెచ్చుకుంది మేనత్త కన్నియమ్మాళ్. ఆమెకు పిల్లల్లేరు. మామ అప్పట్లో మిల్లులో కరెంటు సెక్షను మనిషి. మిల్లు మూతబడ్డాక ఇంటి ముందు గదిలోనే మోటార్లకు తీగ చుట్టే షాపు పెట్టాడు. పనికి ఇద్దరు ముగ్గురు వచ్చిపోయేవాళ్ళు. లోడు ఆటో వెట్రివేల్ చేతికి వచ్చింది.

కన్నియమ్మాళ్ మొగుడి ముందు గొంతెత్తిన మనిషి కాదు. ఆయన పేరు కూడా ఎన్నడూ పలికి ఎరగదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుస్సు తరుగుతుందని ఆమె తల్లి చెప్పింది, ఆ తల్లికి వాళ్ళ తల్లి చెప్పింది. చెల్లని నోటును కూడా ఆమె ‘పోని నోటు’ అనేది, ఆ మాటలో మొగుడి పేరు తొంగిచూస్తుందని. రేషను కొట్లో, కదిర్కామం ఆసుపత్రి చీటీ కిటికీ దగ్గర, బ్యాంకులో, ఎక్కడ మొగుడి పేరు అడిగినా ఆమె పక్కనున్న వెట్రివేల్ భుజం తట్టేది. నిక్కరు వేసుకునే వయసు నుంచి ఆ పేరు అతనే చెప్పాడు. ఆమె నోరు అతనే.

అట్లాంటి ఇంట్లో ఒకనాడు మామ అతన్ని బాహూరు పంపాడు. రైతు ఒకాయన పాత మోటారు కాయిళ్ళు అమ్ముతున్నాడు, గోతాలు ఎత్తుకురా అన్నాడు. తిరుగుదారిలో పోలీసులు ఆపారు. గోతాల్లో ఉన్నది కోసిన తీగ. మోటార్ల సొంతదార్లు ఆ సరికే స్టేషన్లో ఉన్నారు.

బెయిలు మీద ఇంటికొచ్చిన సాయంత్రం మామ అతన్ని దేవుడి పటాల ముందు నిలబెట్టాడు. కోపం లేదు, కంగారు లేదు. మోటారు తీగ చుట్టినట్టు ఒక్కొక్క మాటా పొందికగా చుట్టాడు. నీకు వయసుంది, మొదటి తప్పు, కోర్టు కనికరిస్తుంది. నాకీ వయసులో జైలంటే మీ అత్త వీధిన పడుతుంది. ఇల్లు నా పేర ఉంది, షాపు నా పేర ఉంది, ఆమె బతుకూ నా పేరనే ఉంది. “మీ అత్త మీద ఒట్టేసి చెప్పరా, నా పేరు కోర్టులో నీ నోట రాదని” అన్నాడు చివరికి.

వెట్రివేల్ ఒట్టేశాడు. నేరం నెత్తిన వేసుకున్నాడు.

మామ చెప్పినట్టే కోర్టు కనికరించింది. జైలు లేదు, ప్రొబేషను. అదే ఇంట్లో ఉండాలి, నెలనెలా ఆఫీసరు ముందు నిలబడాలి, బాహూరు ఎల్లలో కాలు పెట్టకూడదు. ఇవన్నీ జరిగేలా చూసే పెద్దమనిషి ఒకరు పూచీ రాసివ్వాలి. మామ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ సంతకం పెట్టాడు. దొంగే జామీను, జామీనుదారే కావలి. లాయరు కూడా ఆయన కుదిర్చినవాడే. ఎటు తిరిగినా చేతికి తగిలేది ఒకే గోడ.

*

మేజిస్ట్రేటమ్మ మళ్ళీ అడిగింది. ఎందుకు హాజరు కాలేదు?

“అమ్మవారు పోసిందమ్మా” అన్నాడు వెట్రివేల్.

కోర్టు హాలంతా అతని మొహం వైపు చూసింది. వెనక బెంచీలో ఒకరు చటుక్కున జరిగి కూర్చున్నారు.

ప్రొబేషన్ ఆఫీసరు గంగాభవాని లేచి నిలబడింది. యానాం మనిషి. పాండిచ్చేరి వచ్చి కొన్నేళ్ళయినా ఆమె తెలుగులో గోదావరి తడి ఆరలేదు. ఇన్నాళ్ళూ ఈ కుర్రాడు ఒక్క హాజరూ తప్పలేదని, తన దగ్గర ఎన్నడూ దురుసుగా మాట్లాడలేదని ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత జామీనుదారే తన ఆఫీసుకు వచ్చి, కుర్రాడు ఇల్లు వదిలి పోయాడు, ఇక నా చేతిలో లేడు అని చెప్పినట్టూ చెప్పింది. అందుకే తాను కోర్టుకు రాయాల్సి వచ్చిందట. అప్పుడామె బోను వైపు తిరిగి, అతని ఇంటి మాట కూడా అదే కాబట్టి తెలుగులో అడిగింది.

“ఏం బాబూ, ఒంట్లో బాగోకపోతే ఎవరిచేతైనా ఒక్క కబురు పంపలేకపోయావా?”

“మామ చెప్తానన్నాడు మేడం. అమ్మవారుండే ఇంట్లో ఫోను మోగకూడదని నా ఫోను కూడా ఆయనే తీసిపెట్టుకున్నాడు.”

ఆ మాట తెలుగులోంచి అరవంలోకి మారి మేజిస్ట్రేటుకు చేరేలోపే మామ లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవకముందే చేతులు జోడించాడు. పెంచిన చేతులతోనే అప్పగించాల్సి వచ్చిందని, రాత రాసినవాడిని అనుకోవాలి గాని వీణ్ణి అనుకోలేనని మొదలుపెట్టాడు. కుర్రాడు చెప్పాపెట్టకుండా పోయాడు. బండి పోయింది, కాకీ చొక్కా పోయింది. తర్వాత ఒంటి నిండా అమ్మవారితో తిరిగొచ్చి గుమ్మంలో పడ్డాడు. కాదనగలమా? అప్పుడే వేపరెబ్బలు కట్టాం. పోలీసులకు చెప్పకపోతే జామీను పెట్టిన చేతికి మచ్చ కదా, అందుకే నేనే చెప్పాను. చెబుతూ ఆయన గొంతు సరిగ్గా వణకాల్సిన చోటే వణికింది.

డాక్టరు సర్టిఫికెట్ ఉందా అని మేజిస్ట్రేటమ్మ అడిగింది. ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మవారు పోస్తే సూది వేయించరు, గుమ్మం దాటించరు. చాప మీద వేపాకు పరిచి, పక్కన ఒక మనిషి కూర్చుని వేపరెబ్బతో విసురుతూ ఉండాలి. మామ ఆ వారాన్ని అంత ఒడుపుగా ఎంచుకున్నాడు. చుట్టాలు రారు. ఇరుగుపొరుగు తొంగి చూడరు. ఎదురింటావిడను పోలీసులు అడిగితే వేపరెబ్బలు చూశాను గాని, ఏ రోజు కట్టారో గుర్తు లేదందట.

“మా ఇంట్లోనూ అమ్మవారు పోస్తే వేపరెబ్బలే కట్టేవాళ్ళు. కానీ వేపరెబ్బను నేను ఫైల్లో పెట్టుకోలేను” అంది మేజిస్ట్రేటమ్మ.

ఆ రోజు తెల్లవారుజామున ఇంట్లో ఇంకెవరున్నారని ఆమె అడిగింది. తన భార్య ఒక్కతేనని మామ చెప్పాడు. అయితే ఆమెను విందాం అంది మేజిస్ట్రేటు. మామ ఒక్క క్షణం కూడా తడబడలేదు. బయట వరండాలోనే ఉందమ్మా, భోజనాల తర్వాత పిలిపించండి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో దాదాపు నవ్వు ఉంది.

అత్త ఏం చెబుతుందో వెట్రివేల్‌కు తెలుసు. ఆయన ఏం చెప్పమంటే అదే. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె వేరే మాట చెప్పిందెప్పుడు?

*

వరండా చివర, కానిస్టేబుల్ కనుచూపు మేరలో, కన్నియమ్మాళ్ టిఫిను క్యారియరు విప్పింది. పెరుగన్నం. తాలింపు లేదు, ఆవాలు లేవు, కరివేపాకు లేదు. ఎండకు సగం వాడిపోయిన వేపరెబ్బ ఒకటి గిన్నె పక్కన పెట్టింది.

“తిను నాయనా” అంది. అతను తింటుంటే మచ్చలను ఒక్కొక్కటిగా చూసింది, ముట్టుకోలేదు. “ఆడ జైల్లో తలకు నీళ్ళు పోసుకున్నావా?”

“లేదత్తా. పొక్కులుండేవాడు తొట్టి ముట్టకూడదని బయట మగ్గుతో కాళ్ళకు పోసుకోమన్నారు. అంతే.”

“వేపాకు, పసుపు?”

“జైల్లో యాడిదత్తా?”

“అయితే మూడో నీళ్ళు పడలే” అంది ఆమె, తనతో తాను అన్నట్టు.

అమ్మవారు పోసిన ఒంటికి మూడు తలంట్లు. వేపాకు, పసుపు వేసి ఎండలో కాగబెట్టిన నీళ్ళు. మూడోది పోసి, గుమ్మంలో రెబ్బ తీస్తేనే అమ్మ సెలవు తీసుకున్నట్టు. రెండో నీళ్ళు పోసి తల తుడుస్తుండగానే పోలీసు జీపు వచ్చింది. కన్నియమ్మాళ్ కాళ్ళావేళ్ళా పడింది, మూడో నీళ్ళు పడేదాకా ఆగమని. తీసుకుపొమ్మని సైగ చేసింది మామే.

“ఆ నీళ్ళ కథలు ఇంటికి పొయ్యి చెప్పుకుందువు గానిలే” అన్నాడు మామ, గొడుగుతో నేల మీద గీతలు గీస్తూ. “ఏందిరా, లాయరు చెప్పింది విన్నావా?”

వెట్రివేల్ ముద్ద మింగాడు. “బాహూరికి నేను పోలేదు మామా. అది నీకు తెలుసు.”

“నాకు తెలిస్తే ఏం లాభం? బండి తెలుసుకోవద్దా?” మామ నవ్వాడు. అటూ ఇటూ చూసి పక్కన కూర్చున్నాడు. గొంతు ఇంకా తగ్గింది. నువ్వు ఇప్పుడు నా పేరెత్తినా ఎవడూ నమ్మడు, మొదటిసారి ఎందుకు చెప్పలేదని అడుగుతారు, అబద్ధాలకోరువని ఇంకో ఏడాది కలుపుతారు. ఒప్పుకుంటే తొందరగా వస్తావు. వచ్చేదాకా మీ అత్తకు కూడూ గుడ్డకూ లోటు రానివ్వను. ఒప్పుకోకపోతే ఆమె ఎక్కడ కూర్చుని ఏడవాలో నువ్వే చెప్పు. “సెరేనా?”

కన్నియమ్మాళ్ గిన్నె అడుగున మిగిలిన మెతుకులు చేత్తో ఊడుస్తోంది. విన్నదో లేదో తెలియదు. ఆ ఇంట్లో ఆమె విన్నదో లేదో ఎవరూ ఎన్నడూ పట్టించుకోలేదు.

దారిన పోతున్న గంగాభవాని ఆగింది. ఆమె చూపు వెట్రివేల్ మీద కాదు, తెల్లగా మెరుస్తున్న అన్నం గిన్నె మీద పడింది.

“ఇంకా తాలింపు పెట్టట్లేదా పిన్నిగారూ?”

“ఎట్లా పెట్టేది మేడం? అమ్మ ఇంకా పోలే” అంది కన్నియమ్మాళ్.

మామ మొహంకేసి ఒకసారి, గుమ్మడిగింజంత మచ్చలున్న వెట్రివేల్ మొహంకేసి ఒకసారి చూసి గంగాభవాని లోపలికి వెళ్ళిపోయింది.

*

సాక్షి బోను కన్నియమ్మాళ్‌కు ఎత్తయింది. కమ్మీ పైన ఆమె కళ్ళు, ముక్కుపుడక మాత్రమే కనబడుతున్నాయి. మేజిస్ట్రేటమ్మ స్టూలు వేయించింది.

గుమాస్తా పేరడిగాడు. చెప్పింది. భర్త పేరు? ఆమె అలవాటుగా కుడి భుజం పక్కకు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. అవతలి బోనులో ఉన్న వెట్రివేల్ కళ్ళు దించుకున్నాడు. ఈ పాతకాలపు ఆడవాళ్ళ నోట ఆ పేరు రాదు లెండి అని పట్టాభిరామన్ సరదాగా తానే అందించాడు. హాల్లో చిన్న నవ్వు. అందరికన్నా నిండుగా నవ్వింది మామ. గుమాస్తా రాసుకున్నాడు.

ఆమెకు అరవం రాక కాదు, భయంలో ఇంటి మాటే వస్తోంది. తెలుగు తెలిసిన గంగాభవానిని తర్జుమా చేయమన్నారు. సర్కారు లాయరు సూటిగా అడిగాడు. ఆ రోజు తెల్లవారుజామున ఈ కుర్రాడు ఇంట్లో ఉన్నాడా, లేడా?

మామ గొడుగు పిడి మీద చెయ్యి వేసి ఎదురు చూస్తున్నాడు. ‘లేడు’ అన్న ఒక్క మాట. బస్సులో వస్తూ నేర్పిన మాట.

కన్నియమ్మాళ్ నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ అడిగారు. పెదవులు కదిలాయి, మాట లేదు. సర్కారు లాయరు విసుగ్గా చేతులు చాచాడు. ఆమెకు తెలియదని రాసేద్దాం అన్నాడు. వెట్రివేల్ కళ్ళ ముందు జైలు తలుపు మెల్లగా మూసుకుంటోంది. ఒక్క పేరు, గొంతులో ఎముకలా అడ్డం పడి ఉంది. మింగలేడు, ఉమ్మలేడు.

“ఒక్క ప్రశ్న నన్ను అడగనివ్వండి మేడం” అంది గంగాభవాని. మేజిస్ట్రేటు తల ఊపింది. “పిన్నిగారూ, ఈ అబ్బాయికి మూడో నీళ్ళు పోశారా?”

మామ గొడుగు మీద చెయ్యి ఆగిపోయింది.

“లేదు మేడం” అంది కన్నియమ్మాళ్. ఆ ప్రశ్న కోసమే ఇంతసేపూ కాచుకుని ఉన్నట్టు ఈసారి గొంతు స్పష్టంగా వచ్చింది. “రెండోది పోసినాను. అంతలో జీపు తెప్పించినారు. అమ్మ ఇంకా వాడి మీదనే ఉండాది. ఆ బోనులో నిలబడుండేది వాడొక్కడే కాదు.”

“అమ్మ ఉంటే ఏమవుతుంది?” అంది గంగాభవాని.

“అమ్మ ఇంట్లో ఉండంగా అబద్ధం చెప్పకూడదు. నన్ను చెప్పమన్నారు. నాకు చెప్పను రాలే. అందుకే నోరు మూసుకున్నాను.”

గంగాభవాని ఆ మాటలను అరవంలోకి మార్చింది. మేజిస్ట్రేటమ్మ కలం పక్కన పెట్టి, తానే అడగడం మొదలుపెట్టింది.

ఆ తెల్లవారుజామున అబ్బాయి ఎక్కడున్నాడు?

“నా పక్కన చాప మీద. నేను విసురుతా ఉండాను. కాకుల కూత కూడా మొదలు కాలే. ఒళ్ళు పెనంలా కాలతా ఉండింది. నిలబడేదానికే శక్తి లేదు, బండి యాడ తోల్తాడు?”

మరి బండి?

“పోయింది. శబ్దం నేనూ విన్నాను, వాడూ విన్నాడు. జ్వరంలో కలవరించినాడు, అత్తా, నా బండి అని.”

వెట్రివేల్ తలెత్తాడు. కల అనుకున్నాడు ఇన్నాళ్ళూ. చిలక్కొయ్యకు తన కాకీ చొక్కా లేకపోవడం చూశాకే అది కల కాదని తెలిసింది. అత్త కూడా విన్నదని మాత్రం ఇప్పుడే తెలిసింది.

బండి తీసుకుపోయిన మనిషిని చూశారా?

“తిరిగి వచ్చినప్పుడు చూసినాను. వాడి చొక్కా తొడుక్కుని వచ్చినాడు. బాహూరు నల్లమన్ను, మోచేతుల దాకా. చొక్కా విప్పి ఉతకమన్నాడు.”

ఉతికారా?

“ఎట్లా ఉతికేది? మూడో నీళ్ళు పడకుండా ఇంట్లో ఉతుకు లేదు. చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టినాను. ఇప్పుడూ ఆడనే ఉండాది.”

మామ లేచి నిలబడ్డాడు. ఆయన తీగలన్నీ పొందికగానే చుట్టాడు. ఫోను, హాజరు రోజు, తువ్వాలు, ఎదురింటావిడ మరుపు, ఏదీ వదల్లేదు. అమ్మవారి ఇంటిని దాక్కునే చోటుగా వాడుకున్నాడు గాని, ఆ ఇంటి లెక్కలు ఆడవాళ్ళ వ్యవహారమని ఎన్నడూ పట్టించుకోలేదు. మూడో నీళ్ళ దాకా ఆగి ఉంటే ఆ చొక్కా ఈపాటికి తీగ మీద ఆరి ఉండేది. ఆమె నోరు కూడా, ఎప్పటిలాగే, ఆయన మాటే పలికి ఉండేది.

పట్టాభిరామన్ ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. చొక్కా ఎవరైనా తొడుక్కోవచ్చు. షాపులో పనికి వచ్చిపోయేవాళ్ళందరికీ బండి తాళం ఎక్కడ తగిలిస్తారో తెలుసు. ఆమె ‘మనిషి’ అంటోంది, ‘వచ్చినాడు’ అంటోంది, ఎవరు? ఊరూ పేరూ లేని మాటను ఎలా రాసుకుంటారు అని గొంతు పెంచాడు.

మేజిస్ట్రేటమ్మ అతన్ని పైనుంచి కిందకు చూసింది. “ఈ సాక్ష్యం మీ ముద్దాయిని కాపాడుతోంది, లాయరుగారూ. మీరెందుకు కంగారు పడుతున్నారు? మీరు అతని లాయరా, జామీనుదారు లాయరా?”

పట్టాభిరామన్ చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. అప్పుడు సర్దాల్సిన అవసరం వాటికేం లేదు.

“అయినా ఆయన అన్నదాంట్లో ఒకటి నిజం” అని ఆమె సాక్షి వైపు తిరిగింది. “ఒక మనిషి మీద నేరం మోపుతున్నారమ్మా. సైగలు, తల ఊపులు నేను రాసుకోను. ఆ మనిషి ఎవరో మీ నోటితో, పేరుతో చెప్పాలి.”

కన్నియమ్మాళ్ తిరిగింది. రేషను కొట్లో తిరిగినట్టు, చీటీ కిటికీ దగ్గర తిరిగినట్టు వెట్రివేల్ వైపు తిరిగింది. చెప్పు నాయనా అన్నట్టు గడ్డం కొంచెం పైకెత్తింది.

వెట్రివేల్ పెదవులు విడివడ్డాయి.

“ముద్దాయి మాట్లాడకూడదు” అంది మేజిస్ట్రేటు వెంటనే. “సాక్షికి అతను పేరు అందిస్తే ఈ సాక్ష్యం మొత్తం కొట్టేయాల్సి వస్తుంది.”

మాట్లాడినా అతను చెప్పలేడు. ఒట్టు ఆమె తల మీదే ఉంది. ఇద్దరి మధ్యా ఆ హాలు వెడల్పంత ఖాళీ. అటు ఒకరు, ఇటు ఒకరు. ఒకే పేరుకు ఇద్దరి నోళ్ళూ కట్టేసి ఉన్నాయి.

“వాడు చెప్పడమ్మా” అంది కన్నియమ్మాళ్, అతని మొహంలోంచి ఆ సంగతి చదువుకున్నట్టు. “నా మీద ఒట్టేయించుకున్నారు వాడితో. దేవుడి పటాల కాడ. నేను వంటింట్లో ఉండాను. మా ఇంట్లో గోడలు పలచన.”

వెట్రివేల్ కళ్ళు మసకబారాయి. ఆమెకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. వంటింట్లో కూర్చుని, అతను జైలుకీ ఇంటికీ మధ్య వేలాడుతుంటే, ఆమె కూడా తన వైపు నుంచి అదే ఉచ్చులో వేలాడింది.

“కన్నీ, ఇంక చాలు. ఇంటికి పోదాం రా” అన్నాడు మామ. మెత్తగా అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మెత్తదనంతోనే పని జరిగింది.

ఆయన్ను కూర్చోమని మేజిస్ట్రేటు గద్దించింది. ఆయన కూర్చోలేదు. గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ మెల్లగా వచ్చి ఆయన వెనక నిలబడ్డాడు.

“అమ్మా, బలవంతం లేదు” అంది మేజిస్ట్రేటు. “చెప్పకపోతే చెప్పలేదని రాసుకుంటాను. కానీ కెమెరాలో బండి ఉంది. ఎదురుగా ఈ అబ్బాయి ఉన్నాడు. ఇంకో పేరు నా ముందుకు రాకపోతే నేను చేయగలిగింది ఒక్కటే.”

గంగాభవాని తెలుగులో చెప్పబోయింది. కన్నియమ్మాళ్ చెయ్యి అడ్డం పెట్టింది, అర్థమైందన్నట్టు.

“ఆ పేరు నేను పలికితే ఆయుస్సు తరుగుతాదంటారు” అంది నెమ్మదిగా. “పలక్కపోతే వీడి ఆయుస్సు తరుగుతాది. నేను పెట్టిన అన్నం తిన్నోళ్ళే ఇద్దరూ.”

ముందు బెంచీ దగ్గర మామ తల అడ్డంగా ఊపాడు. పెదవి చివర ఇంకా ఆ చిన్న నవ్వు. ఈ ఆడది ఆ పేరు పలకదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి పలకలేదు. పెళ్ళిలో చుట్టాలంతా చుట్టూ నిలబడి గుమ్మంలో ఆపి అడిగినప్పుడు కూడా పలకలేదు.

కన్నియమ్మాళ్ ఎదుటి బోను వైపు చూసింది. వెట్రివేల్‌ను కాదు, అతని మొహం మీది అమ్మను. రెండు చేతులూ జోడించి ఒకసారి నమస్కరించింది. కొంగు తలమీదికి లాక్కుంది. స్టూలు మీంచి లేచి, కమ్మీ పట్టుకుని, మొగుడి కళ్ళలోకి నేరుగా చూసింది.

“రాసుకోండమ్మా” అంది. “ఆ తెల్లారి వీడి చొక్కా తొడుక్కుని, వీడి బండెక్కి, బాహూరు పొయ్యి తీగ కోసుకొచ్చింది, వీడి చేత మొదటిసారి నేరం మోయించింది, ఇద్దరూ ఒక్కరే. ఆయన పేరు చెల్లప్పన్.”